అయిదున్నర గంటల తేడా

మౌలాలి రైల్వే క్వార్టర్ల వెనక సందులో తాతబ్బాయిగారింట్లో ఉన్న కంప్యూటర్ ఒకటే గాని, దాన్లో కాపురాలు రెండు. ముందు వాటా మామగారిది, అందులో విండోస్. వెనక వాటా కోడలు సత్యవేణిది, అందులో లినక్స్. లోకం తలకిందులవుతుందని అందరూ బెదిరించిన రెండువేల సంవత్సరం వచ్చి ఆర్నెల్లు దాటినా లోకానికేమీ కాలేదు. తలకిందులైందల్లా తాతబ్బాయిగారి జ్యోతిషమే. దానికి కారణం తనేనని సత్యవేణికి మూడు వారాల దాకా తెలియలేదు.

తాతబ్బాయిగారు విజయనగరం వైపు నుంచి ముప్పై అయిదేళ్ళ కిందట రైల్వేలో గుమాస్తాగా వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. రిటైరయ్యాక చేతులు ముడుచుకు కూర్చోబుద్ధి కాలేదు. పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు బిగించే ధర్మరాజు చేత ఒక పెట్టె బిగించుకుని, దాన్లో జ్యోతిషం సీడీ వేయించుకున్నారు. ఆయన ప్రత్యేకత ప్రశ్న చెప్పడం. దానికి జాతకం అక్కర్లేదు, పుట్టిన టైమూ అక్కర్లేదు. పోయిన వస్తువు దొరుకుతుందా, అనుకున్న పని అవుతుందా అని మనిషి నోటివెంట మాట వచ్చిన క్షణానికి గ్రహాలెక్కడున్నాయో చూసి జవాబు చెప్పాలి. వెనకటివాళ్ళు పంచాంగం ముందేసుకుని గంటసేపు లెక్కలు కట్టేవారు. ఈయన ఒక మీట నొక్కేవారు. పెట్టెలో గడియారం ఎంత చూపిస్తే అంతకి చక్రం పడి, అడుగున నాలుగు లైన్ల ఫలితం వచ్చేది. ప్రశ్న చెప్పేవాడు అడిగినవాడి మొహం చూడాలి గాని గడియారం కాదన్నది ఆయన నియమం. చక్రం చదవడం వచ్చినవాడైతే ఆ మూడు వారాల్లో పట్టపగలు సూర్యుడు నేల కిందెందుకున్నాడని అనుమానపడేవాడే. తాతబ్బాయిగారు చక్రం జోలికి పోకుండా అడుగున నాలుగు లైన్లూ చదివి వినిపించేవారు.

సత్యవేణిది బొబ్బిలి. డిగ్రీ అయ్యీ అవకుండానే పెళ్ళయింది. భర్త కన్నబాబు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్, నెలలో ఇరవై రోజులు క్యాంపుల్లోనే. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక ఆవిడ ప్యాట్నీ దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో, విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపించే లినక్స్ నేర్చుకోవడానికి చేరింది. అక్కడ కంప్యూటర్‌కి నలుగురు. ఒకరు కొడుతుంటే ముగ్గురు చూడాలి. గట్టున నిలబడి చూసి ఈత నేర్చుకున్నవాళ్ళు లేరు కదా. ఇంతలో బేగంపేటలో ఒక కంపెనీ కంప్యూటర్లు చూసుకునేందుకు మనుషుల్ని తీసుకుంటోందని తెలిసి దరఖాస్తు పడేసింది. నెల తిరిగాక ఒక సోమవారం పది గంటలకి రమ్మని ఉత్తరమొచ్చింది. రాత పరీక్ష లేదు, మెషీన్ ముందు కూర్చోబెట్టి పని చేయించి చూస్తారట. ఆ ఉద్యోగం ఎందుకంత కావాలని అత్తగారు గవరమ్మ అడిగితే మాట మార్చేసింది గాని, పొద్దున్నే లేస్తూనే ఆవిడకి అదే ధ్యాస.

ఇంట్లో సాధన చేసుకుంటానని మామగారిని అడిగింది. తన విండోస్‌కి ఈగ వాలినంత దెబ్బ కూడా తగలకూడదన్న షరతు మీద ఆయన ఒప్పుకున్నారు. సత్యవేణి ఆ షరతుని భయభక్తులతో పాటించింది. పెట్టె వెలగ్గానే డిలీట్ మీట నొక్కితే ఒక నీలం తెర వస్తుంది. అది ఏ వాటాకీ చెందదు, పెట్టె సొంత మనసు అనుకోవచ్చు. అందులోకి వెళ్ళి ముందు సీడీ చూడమని చెప్పి, డిస్కులో వెనక కొంత చోటు వేరు చేసి లినక్స్‌ని దింపింది. పెట్టె వెలిగినప్పుడు ఎవరి వాటాకి వెళ్ళాలని అడిగే ఏర్పాటులో మామగారి పేరే ముందు పెట్టింది. అయిదు సెకన్లు చూసి, ఎవరూ ఏమీ అనకపోతే అది విండోస్‌లోకి వెళ్ళిపోతుంది. తన వాటా కావాలంటే ఆ అయిదు సెకన్లలోనే తను మీట నొక్కాలి. మామగారి విస్తరి లేవకుండా తను కూర్చునే అలవాటు లేని పిల్ల మరి.

దింపుతున్నప్పుడు మధ్యలో ఒక ప్రశ్న ఎదురైంది. ఈ పెట్టె గడియారం గ్రీన్‌విచ్ టైములో నడుస్తోందా అని. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళిచ్చిన నోట్సులో అవునని టిక్కు పెట్టమని ఉంది. ఎందుకో రాయలేదు. సత్యవేణి పెళ్ళిచూపుల్లో తలూపినంత తేలిగ్గా టిక్కు పెట్టేసింది.

ఆ సాయంత్రం లినక్స్‌లో టైము చూస్తే పదకొండున్నర. గోడ గడియారం ఆరంటోంది. పెట్టె పాతది, మామగారిని అడిగి ఆయన్ని చిన్నబుచ్చడమెందుకని తనే ఆరుకి సరిచేసింది. మర్నాడు తొమ్మిదింటికి తాతబ్బాయిగారు విండోస్ తెరిస్తే మూడున్నర. కోడలు కొత్తగా నేర్చుకుంటోంది, ఏదో చెయ్యి తగిలి ఉంటుంది, అడిగితే నొచ్చుకుంటుందని ఆయనే తొమ్మిదికి సరిచేశారు. సాయంత్రం మళ్ళీ ఆవిడ దిద్దింది. పొద్దున్న మళ్ళీ ఆయన దిద్దారు. ఒకరి మర్యాద ఒకరికి ఎసరు పెడుతూ మూడు వారాలు గడిచాయి. ఆయన దృష్టి దాని మీద పడిన రోజున గడియారం సరిగ్గా ఉండేది, పడని రోజున ప్రశ్నలు తెల్లవారుజాము గ్రహాలకి పడేవి.

ముందు చిన్నాచితకా తప్పులే. దొరకదన్న కళ్ళజోడు దిండు కిందే దొరికింది. తగ్గుతుందన్న పంటినొప్పి పన్ను ఊడబెరికించుకున్నాక గాని తగ్గలేదు. అసలు రభస ఎల్లమ్మతో వచ్చింది. ఎల్లమ్మ సందు చివర పూలు అమ్ముతుంది. తిరుపతి ప్రయాణానికి టికెట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాయి, సీట్లు వస్తాయా అని మంగళవారం అడిగింది. నిస్సందేహంగా వస్తాయన్నారీయన. ముప్పైయేళ్ళు పైగా రైల్వేలో చేసినవాడు స్టేషన్‌కి ఒక్క ఫోను కొడితే తేలిపోయే సంగతి, ఈయన గ్రహాల్ని అడిగారు. బుధవారం ఎల్లమ్మ ఇంటిల్లిపాదినీ, పులిహోర డబ్బాల్నీ వేసుకుని సికింద్రాబాద్ స్టేషన్‌కి వెళ్ళి, ఎక్కడానికి లేక, ప్లాట్‌ఫారం మీదే ఆ పులిహోర తినేసి తిరిగొచ్చింది. గురువారం పొద్దున వాకిట్లో నిలబడి ఆవిడ అన్న మాటలు సందంతా విన్నది.

ఆవిడ వెళ్ళాక గవరమ్మ తీర్పు చెప్పేసింది. ఆ రెండోది వచ్చిననాటి నుంచే పెట్టెకి శని పట్టిందనీ, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవనీ అంది. తాతబ్బాయిగారు కోడలి మొహం చూడకుండా, ధర్మరాజుకి ఫోను చేసి శనివారం రమ్మన్నారు. రెండోది తీసేసి పెట్టెని ఎప్పటిలాగా చేసి వెళ్ళమన్నారు. సత్యవేణి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. పరీక్ష సోమవారం. మూడు వారాలుగా కూడబెట్టుకున్న సాధనంతా ఆ వాటాలోనే ఉంది. అది పోతే చివరి రెండు రోజులూ నోట్సు వల్లె వేసుకోవడమే గతి.

శనివారం ధర్మరాజు వచ్చాడు. నెత్తి మీద కళ్ళజోడు, జేబులో స్క్రూడ్రైవరు, నలభై ఏళ్ళ మనిషి. పెట్టె విప్పి చూసి అసలు దొంగ దొరికాడన్నాడు. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని అదే నడుపుతుంది.

"సెల్లు డౌనైంది సార్, గందుకే టైము గిట్ల పరేషాన్ జేస్తుంది. కొత్తది ఏసిన. రేపు గూడ గిట్లనే జూపిస్తే అప్పుడు ఆ రెండోదాన్ని తీసేద్దాం" అన్నాడు.

సత్యవేణి మనసులోనే అతనికి దండం పెట్టుకుని, ఆ సాయంత్రం కూర్చుని ఎప్పటిలాగే గడియారం దిద్ది రెండు గంటలు సాధన చేసింది. మధ్యలో వరంగల్ నుంచి కన్నబాబు ఫోను చేశాడు. నసిగి నసిగి అసలు సంగతి బయటపెట్టాడు. నాన్న తన కోడలి ఉద్యోగం గురించి మూడుసార్లు ప్రశ్న వేశాడట, మూడుసార్లూ లేదనే వచ్చిందట. ఊరికే వెళ్ళి మనసు పాడుచేసుకోవడమెందుకు, ఈసారికి మానుకుంటే మంచిదేమో చూడమన్నాడు. సత్యవేణి సరే చూద్దాం అని ఫోను పెట్టేసింది గాని, లోపల భగ్గుమంది. ఇంట్లో ఉన్న మనిషి తనతో ఒక్క మాట అనకుండా గ్రహాలతోనూ వరంగల్‌తోనూ మాట్లాడడమేమిటని ఉడికిపోయింది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మామగారు స్నానానికి వెళ్ళగానే ఆవిడ పెట్టె వెలిగించింది. కొత్త బ్యాటరీ ఏం చేసిందో చూడాలనిపించి, ఏ వాటాకీ వెళ్ళకుండా డిలీట్ మీట నొక్కి నీలం తెరలోకి వెళ్ళింది. అక్కడ మూడూ ముప్పై రెండు. గోడ మీద తొమ్మిదీ రెండు. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. బ్యాటరీ చచ్చిపోతే గడియారం ఆగుతుంది, లేదా వెనకబడుతుంది. నిమిషం పొల్లుపోకుండా అయిదున్నర గంటలే ఎందుకు వెనకబడుతుంది? ఇండియాకీ గ్రీన్‌విచ్‌కీ తేడా అయిదున్నర. తను పెట్టిన టిక్కు అప్పుడు గుర్తొచ్చింది.

పెట్టెకి ఉన్నది ఒకే గడియారం. అందులో కనిపించేది ఇక్కడి టైమే అని విండోస్ నమ్ముతుంది. అది గ్రీన్‌విచ్ టైమని తను లినక్స్‌కి చెప్పింది కనక, అది అయిదున్నర కలిపి చూపిస్తుంది. తను దాన్ని ఇక్కడి టైముకి దిద్దినప్పుడల్లా, ఆపేటప్పుడు అయిదున్నర తీసేసి పెట్టె గడియారంలో రాసి పోతుంది. పొద్దున్న మామగారికి కనిపించేది అదే. అంటే ఆయన కూడా రోజూ దిద్దుతున్నారన్నమాట. లేకపోతే సాయంత్రం తనకి మళ్ళీ తప్పు ఎందుకు కనిపిస్తుంది? సత్యవేణికి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఎల్లమ్మ పులిహోర గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మందు చాలా చిన్నది. లినక్స్‌లో ఒక ఫైలు తెరిచి, గ్రీన్‌విచ్ అని ఉన్నచోట అవును తీసేసి కాదు అని రాస్తే చాలు. అరనిమిషం పని. రాసేసి ఊరుకుంటే ఘనతంతా ధర్మరాజు బ్యాటరీకి పోతుంది, వెనక వాటా నిలుస్తుంది, తన తప్పు ఎవరికీ తెలియదు. సత్యవేణి చెయ్యి మీట మీదకి వెళ్ళింది కూడా. కానీ ఆ మూడు 'లేదు'లూ అలాగే ఉండిపోతాయి. నిజం చెప్పాలన్న ధర్మబుద్ధి కంటే ఆ మూడు లేదుల మీద కసే ఆవిణ్ణి లేపి నిలబెట్టింది.

తాతబ్బాయిగారు విభూతి పెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చోగానే, ప్రశ్నలు రాసుకునే పుస్తకం ఒకసారి ఇమ్మని అడిగింది. ఆయన ప్రతి ప్రశ్నకీ పేరు, సంగతి, తెర మీద చూపించిన టైము, ఫలితం పొందిగ్గా రాసుకుంటారు. ఆవిడ వేలు పెట్టి చూపించింది.

"మావయ్యగారూ, తెల్లవారుజామున నాలుగూ అయిదుకి ఎల్లమ్మ మనింటికొచ్చిందా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ గీత చదివారు. పై గీత, దాని పై గీత చదివారు. రాసింది తన చేతిరాతే. ఇక ఆగకుండా సత్యవేణి మొత్తం చెప్పేసింది, టిక్కు పెట్టిన దగ్గర్నుంచి ఆ పొద్దుటి నీలం తెర దాకా. తప్పు తనదేననీ, కావాలని చేయలేదనీ, లినక్స్ తీసేయమంటే తీసేస్తాననీ అంది. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని అంటూనే అనుకుంది.

ఆయన పుస్తకంలో మిగతా గీతలన్నీ వేలు పెట్టి చూసుకుంటూ పోయారు. అయిదున్నర గంటలంటే ఇంచుమించు మూడు లగ్నాల తేడా. ప్రశ్న శాస్త్రంలో అది రోగికి బదులు పక్కింటివాడికి వైద్యం చేసినట్టు.

"నేను దిద్దిందంతా నువ్వు చెరిపీసేవు. నువ్వు దిద్దిందంతా నేను చెరిపీసేను" అన్నారు చివరికి. "ఏటమ్మా ఇది. ఒకే ఇంట్లో ఉండి, టైమెంతని ఒకళ్ళనొకళ్ళం అడగలేకపోయేం."

కోపం వస్తుందనుకుంటే ఆయన గొంతులో సిగ్గు వినిపించింది. సత్యవేణికి ఏడుపొచ్చింది. ఆయన ఎదురుగానే ఫైలు తెరిచి ఆ ఒక్క మాట మార్చింది. అక్కడే టైము ఒక్కసారి దిద్ది, రెండు వాటాల్లోకీ వెళ్ళి చూపించింది. ఇక్కడ పదీ పన్నెండు, ఆపి వెలిగించి అక్కడికి వెళ్ళేసరికి పదీ పదిహేను. తాతబ్బాయిగారు గోడ గడియారం చూసి, తెర చూసి, తలూపారు. ధర్మరాజుని ఇక రావద్దని ఆయనే ఫోనులో చెప్పేశారు. గవరమ్మ వంటింట్లోంచి వచ్చి, ఏమైందని అడిగి, ఎవరూ సరిగ్గా చెప్పకపోయేసరికి వెనక్కి వెళ్ళిపోయింది.

అక్కడితో ఊరుకోలేదాయన. పుస్తకంలో మూడింటికీ నాలుగింటికీ అయిదింటికీ పడ్డ ప్రశ్నలన్నిటికీ అయిదున్నర గంటలు కలిపి మళ్ళీ చక్రాలు వేశారు. ఎవరికి తప్పు చెప్పారో వాళ్ళ గుమ్మం ఎక్కి దిద్దుకోవాలన్నారు. ఎల్లమ్మ దగ్గరికి వెళ్ళి తనదే పొరపాటని చెప్పి, నాలుగు మాటలు పడి వచ్చారు. తర్వాత బిక్షం వంతు. బిక్షం నాలుగిళ్ళ అవతల సైకిళ్ళు బాగుచేసే మనిషి, పావురాలంటే ప్రాణం. మొన్న బుధవారం ఎగరేసిన తెల్ల జంట తిరిగి రాలేదు. మూడు రోజుల్లో తూర్పు నుంచి వస్తాయని ఈయన గురువారం చెప్పిన దగ్గర్నుంచి షాపు మూసి మిద్దె మీదే కూర్చుని తూర్పుకి చూస్తున్నాడు. సరైన టైముకి వేస్తే అవి ఇక రావని వచ్చింది. అది చెప్పడానికి తాతబ్బాయిగారు మెట్లెక్కారు, తోడుగా సత్యవేణి కూడా వెళ్ళింది.

ఈయన నోరు తెరవకముందే బిక్షం రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పొద్దుగాల్నే వచ్చినయి సార్. మీరు జెప్పినట్లే తూర్పు దిక్కు నుంచే వచ్చినయి."

పిట్టగోడ మీద తెల్ల జంట దర్జాగా గింజలు ఏరుకుంటోంది. తాతబ్బాయిగారు పావురాల వంక చూశారు, ఆకాశం వంక చూశారు, మంచిది నాయనా అని చెప్పి దిగొచ్చేశారు.

ఇంటికొచ్చాక సత్యవేణి ఉండబట్టలేక, తన ఉద్యోగం ప్రశ్న కూడా మళ్ళీ వేయమని అడిగింది. పుస్తకంలో ఆ మూడు గీతలూ ఆవిడ చూసింది. మూడూ తెల్లవారుజాము టైములే. మూడింటి పక్కనా లేదు అని ఉంది. మూడోసారి రాసిన లేదు దగ్గర కలం గట్టిగా నొక్కుకుపోయింది. ఆయన ఇప్పుడొద్దనీ, రేపు నువ్వు వెళ్ళాక తీరిగ్గా వేస్తాననీ అన్నారు. పరీక్షకి వెళ్ళొద్దని మాత్రం అనలేదు. మధ్యాహ్నమంతా పెట్టె ఆవిడకి వదిలేసి ముందు గదిలో పేపరు చదువుకున్నారు.

సోమవారం రాహుకాలం ఏడున్నరకే వస్తుంది. అందుకని ఏడుంపావుకే కోడల్ని గడప దాటించారు. బస్సులో బేగంపేట చేరేసరికి ఆఫీసు తాళాలు కూడా తీయలేదు. గంటన్నర మెట్ల మీద కూర్చుని నోట్సు తిరగేసింది. పదింటికి లోపల ఇరవై మందిని ఇరవై మెషీన్ల ముందు కూర్చోబెట్టారు. ఒక్కోదాంట్లో విండోస్ ఉంది. దానికి ఇబ్బంది లేకుండా పక్కన లినక్స్ దింపాలి, వెలిగించినప్పుడు ఏది కావాలో అడిగే ఏర్పాటు చేయాలి. రెండు వాటాల కాపురం చేసినవాళ్ళకి కొట్టిన పిండి. అయినా మొదటి పది నిమిషాలు సత్యవేణి ఒక మీటకి బదులు ఇంకో మీట నొక్కుతూ పోయింది. లేదు, లేదు, లేదు అని చెవిలో ఎవరో అంటున్నట్టే ఉంది. సంగతి తెలిసినా భయం పోలేదు. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది.

పరీక్ష చూస్తున్న హిమజగారనే ఆవిడ వెనక నిలబడి, గడియారం ప్రశ్న దగ్గర టిక్కు ఎందుకు పెట్టలేదని అడిగింది. మిగతావాళ్ళందరూ నోట్సులో ఉన్నట్టు పెట్టేశారు. ఈ మెషీన్‌లో ముందునుంచీ ఉన్నది ఇక్కడి టైముకే అలవాటు పడిందనీ, కొత్తగా వచ్చింది సర్దుకోకపోతే రోజూ ఒకరు దిద్దింది ఒకరు చెరుపుతారనీ సత్యవేణి చెప్పింది. హిమజ కాగితం మీద ఏదో రాసుకుని ముందుకెళ్ళింది.

మూడు గంటలకి పేర్లు చదివారు. అయిదుగురిలో సత్యవేణి పేరు నాలుగోది. ఒకటో తారీకు నుంచి చేరమన్నారు. కింద రోడ్డు మీద ఎస్టీడీ బూత్ దాకా ఎలా వచ్చిందో ఆవిడకి తెలియదు. నంబరు తిప్పితే ఇంకా మొదటి రింగు పూర్తి కాకుండానే అవతల ఫోను ఎత్తారు.

"వచ్చింది మావయ్యగారూ" అంది.

ఊరుకోలేక, ప్రశ్నలో ఏమొచ్చిందని అడిగింది.

"పెట్టె తెరవలేదమ్మా" అన్నారాయన. "ఉందని వస్తే పావురాల్లాగ తిరగబడతాదేమో, లేదని వస్తే నిజమైపోతాదేమో అని బయ్యం వేసింది. నువ్వెళ్ళిన కాణ్ణించి ఫోను దగ్గరే కూర్చుండిపోయేను."

బూత్ ఆయన చూస్తున్నాడని సత్యవేణి గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. భోంచేశారా అని అడిగింది. ఇంకా లేదమ్మా అన్నారాయన. అప్పటికి మూడున్నర దాటింది.